మూడు దగ్గర గుట్ట

ఒరేయ్ పెంచలూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, జవాబు రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు, తప్పు నాదే. అమ్మ బాగుంది, చెల్లెలికి కావలిలో ఉద్యోగం వచ్చింది, నేను మూలాపేట గది ఖాళీ చేశాను. ఇంతే కబుర్లు. అసలు సంగతి విను, ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నా థీసిస్ మూత్రాశయ క్యాన్సర్ మీద కదా. మూత్రంలో రాలిన కణాలను స్లైడు మీదకి తీసి, ఒక్కో న్యూక్లియస్ (కణం లోపలి కేంద్రకం) ఎంత పెద్దదో, అంచు నున్నగా ఉందో గతుకులుగా ఉందో, లోపల డీఎన్ఏ ఎంతుందో కొలవాలి. దానికి ఫ్యూల్జన్ రంగు వేస్తాం, 1924 నాటి పద్ధతి. యాసిడ్‌లో నానబెట్టి షిఫ్ ద్రావణంలో ముంచితే డీఎన్ఏ ఎంతుంటే అంతే ఎర్రటి ఊదా రంగు పడుతుంది. ఆ రంగు ఎంత వెలుతురు మింగిందో కెమెరాతో చూస్తే లెక్క తేలుతుంది. పక్కనున్న లింఫోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు, మాకు తూకం రాళ్లు, వాటిలోని డీఎన్ఏని రెండు అనుకుంటాం, విభజనకి సిద్ధమైన కణంలో నాలుగు. అచ్చం మీ అంగట్లో కాటా లాగే. (బెల్లం సంగతి గుర్తొచ్చిందా? నాకు రోజూ గుర్తొస్తుంది!)

కందుకూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, పొగాకు రైతు, వయసులో ఉన్నప్పటి నుంచి చుట్ట అలవాటు. మూత్రంలో రక్తం పడింది, నొప్పి లేదు, వేడి చేసిందనుకొని సబ్జా నీళ్లు తాగాడు, ఆగింది, తగ్గిపోయిందనుకున్నాడు. మళ్లీ పడింది. కెమెరా గొట్టం వేసి చూస్తే గడ్డేమీ కనపడలేదు, స్లైడు చూస్తే అటూ కాదు ఇటూ కాదు.

ఆ రాత్రి నేనొక్కణ్ణే కొలుస్తూ కూర్చున్నా. మొదట్లోనే ఇంత పెద్ద కణం, రెండు న్యూక్లియస్‌లు! టెన్షన్‌తో మేడమ్‌కి ఫోటో పంపితే, అవి పైపొరలోని గొడుగు కణాలు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ ఉంటాయి అన్నారు. ఇంకో తిరకాసు ఏందంటే, మూత్రంలో నానిన కణం ఉబ్బుతుంది, సైజు ఒక్కటే నమ్మితే మోసపోతాం, రంగు కూడా చూడాలి. అలా రెండు వందలు దాటాక గ్రాఫు గీస్తే, ఒరేయ్, రెండు దగ్గర చిన్న గుట్ట, మూడు దగ్గర పెద్ద గుట్ట! రెండు నుంచి నాలుగుకి పోయే కణం మూడు మీదుగా పోవాల్సిందే, కానీ మామూలు కణాలైతే ఇన్ని అక్కడే గుంపుగా నిలబడవు. ఐదు దాటినవీ ఉన్నాయి. నాకు చేతులు చల్లబడ్డాయి. సంతోషమో భయమో కూడా... సరే.

పొద్దున్నే మేడమ్ గ్రాఫు తీసుకొని యూరాలజీ సార్ దగ్గరికి నడిచారు. మళ్లీ గొట్టం వేసి, మామూలుగా కనిపించే చోట్ల నుంచి కూడా ముక్కలు తీశారు. కార్సినోమా ఇన్ సైటు! అంటే క్యాన్సరే, గడ్డ కట్టకుండా లోపలి పొరలో పరుచుకొని ఉంది, ఇంకా కిందకి దిగలేదు. వదిలేస్తే కండరంలోకి పోయే రకం ఇది. ఇప్పుడు వారానికోసారి ఆరు వారాలు మూత్రాశయంలోకి బీసీజీ ఎక్కిస్తారు, చిన్నప్పుడు మన భుజం మీద పొడిచారే, ఆ టీబీ టీకాలో ఉండే క్రిమే. నీ మచ్చ నా మచ్చ కంటే పెద్దదని వాదించేవాడివి!

నిన్న ఆయన నా చెయ్యి పట్టుకొని "నాయనా, రాత్రంతా మేలుకొని నా కణాలు లెక్కపెట్టింది నువ్వేనంటనే" అన్నాడు. నాకు గొంతు పూడుకుపోయింది. వచ్చే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడ ఆయన పేరు మీద ఆరోగ్య రొట్టె పట్టుకుంటా, నువ్వూ రావాలి.

మీ నాయన చుట్ట మానాడా? ఎప్పుడో ఒకసారి ఎర్రగా పడిందని రాశావు, అప్పుడు నేను పట్టించుకోలేదు. ఈ వారమే నెల్లూరు తీసుకురా, నేను దగ్గరుండి చూపిస్తా. శాంపిల్‌కి మాత్రం పొద్దున మొదటిసారి పోసింది పట్టొద్దు, రాత్రంతా నిలవుండి కణాలు చెడిపోతాయి, ఆ తర్వాతది

మేడమ్ పిలుస్తున్నారు, కొత్త స్లైడ్లు వచ్చాయంట. పోస్టు కూడా కట్టేసే వేళైంది. బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి.

నీ సుబ్బు