డెహ్రాడూన్‌లో కొన్న టోపీ

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూసి అమ్మ మురిసిపోయింది. నేను మాత్రం నీ ముఖం కంటే నెత్తిన ఉన్న టోపీనే ఎక్కువసేపు చూశాను. బజారులో కౌబాయ్ టోపీ దొరికిందని రాశావు. అది గోర్ఖా సైనికుల టోపీరా. ఆ ఊళ్ళో ఉంటూ దాని సంగతి తెలియకపోతే ఎలా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

గోర్ఖాలు మొదటి నుంచీ ఇది పెట్టుకోలేదు. వాళ్ళను ఈస్టిండియా కంపెనీ తన సైన్యంలో చేర్చుకున్నది 1815లో. తర్వాత చాలా కాలం వాళ్ళు పెట్టుకున్నది కిల్మార్నాక్ అనే నల్లటి గుండ్రని టోపీ. డబ్బా మూతలా ఉంటుంది, అంచు ఉండదు. పరేడ్‌కి బాగుంటుంది గానీ ఎండలో కళ్ళకి నీడేదీ? వెడల్పు అంచున్న ఫెల్ట్ టోపీ 1900 దాటాక, తొలి సంవత్సరాల్లో వచ్చింది. తెరాయి టోపీ అనేవారు. హిమాలయాల కింద పరుచుకున్న చిత్తడి మైదానాలే తెరాయి.

నాకు అన్నిటికన్నా నచ్చేది దాని తయారీ. ఫెల్ట్‌ని ఎవరూ నేయరు. ఉన్నినో కుందేలు బొచ్చునో తడిపి, వేడి తగిలించి, నలిపి నలిపి నొక్కితే పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. పడుగూ పేకా లేని గుడ్డ! అలాంటి టోపీలు రెండు తీసుకుని, ఒకదానిలో ఒకటి దూర్చి ఒక్కటిగా చేస్తారు. అందుకే ఎండ లోపలికి దిగదు, అంచు వాలిపోదు. చుట్టూ మడతలుగా కట్టే గుడ్డని పగ్రీ అంటారు, మన తలపాగాకి చుట్టం. గడ్డం కిందికి పట్టీ, తలకి ఒక పక్కగా వాలిన వంపు.

1947లో పది గోర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకు వచ్చాయి, నాలుగు బ్రిటన్‌కు వెళ్ళాయి. బ్రిటన్‌కు వెళ్ళనన్న వాళ్ళ కోసం మనవాళ్ళు మరుసటి ఏడాది పదకొండో రెజిమెంట్ పెట్టారు. జెండాలు వేరైనా ఆ టోపీని రెండు సైన్యాలూ వదల్లేదు. 1971 యుద్ధంలో మన సైన్యాధిపతి శామ్ మానెక్‌షా ఫోటో ఎప్పుడైనా వెతికి చూడు. పార్సీ ఆయన, 8వ గోర్ఖా రైఫిల్స్ మనిషి. ఆ టోపీలో ఆయన్ని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మన వీధిలో కర్ర చప్పుడు చేస్తూ, విజిల్ ఊదుతూ రాత్రిళ్ళు తిరిగే మనిషి గుర్తున్నాడా? గూర్ఖా అనే పిలిచేవాళ్ళం. ఒకటో తారీఖున సెల్యూట్ కొట్టి డబ్బులు తీసుకునేవాడు. అన్నేళ్ళు మన ఇంటికి కాపలా ఉన్నాడు, ఒక్కసారైనా పేరు అడగలేదు నేను. ఆ బాధ నాకింకా ఉంది.

మీ ఊళ్ళోనే నాలాపానీ దగ్గర రెండు స్తంభాలు ఉన్నాయి. 1814లో అక్కడి ఖలంగా కోటలో నేపాల్ సేనాని బలభద్ర కున్వర్ కొద్దిమంది గోర్ఖాలతో కంపెనీ సైన్యాన్ని ఎదిరించాడు. ఒక స్తంభం చనిపోయిన తమవాళ్ళకి, రెండోది తమతో పోరాడిన బలభద్రుడికి, రెండూ కంపెనీవాళ్ళే కట్టించారు. ఈ ఆదివారం వెళ్ళిరా. టోపీ పెట్టుకునే వెళ్ళు. వాన పడితే మాత్రం దాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టకు, ఫెల్ట్ కుంచించుకుపోతుంది. నీడలో ఆరనివ్వు.

స్తంభాల మీద ఏం చెక్కారో చదివి నాకు రాయి.

నాన్న