పై అంతస్తు ఉత్తరం మా సొరుగులో

సంపాదకుడు గారికి,

మొన్న దసరాకు ఇల్లు దులుపుతుంటే టీవీ కింది సొరుగులో, పాత కరెంటు బిల్లుల అడుగున విప్పని స్పీడ్ పోస్టు కవరు ఒకటి దొరికింది. మాది 203. కవరు మీద 303 అని ఉంది. పై అంతస్తు కుర్రాడి డ్రైవింగ్ లైసెన్సు అది. మా పిల్లవాడు ఎప్పుడో సంతకం పెట్టి మరీ అందుకుని సొరుగులో పడేశాడు. పట్టుకెళ్లి ఇస్తే, "డూప్లికేటుకు డబ్బు కట్టేశానండీ, పర్వాలేదు" అన్నాడు ఆ అబ్బాయి. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

ఆ సిగ్గుతోనే చట్టం ఏమంటుందో చూశాను. 1898 నాటి తపాలా చట్టంలో 68వ సెక్షన్ ఉండేది. వేరొకరికి అందవలసిన ఉత్తరాన్ని మోసంతో అట్టిపెట్టుకున్నా, కావాలని దాచినా, పోస్టాఫీసు అధికారి అడిగినప్పుడు ఇవ్వకపోయినా రెండేళ్ల వరకు జైలు, పైగా జరిమానా. ఆ చట్టంలోని నేరాలన్నింటినీ 2023లో, చిన్న తప్పులకు జైలు శిక్షలు తగ్గించేందుకు తెచ్చిన జన విశ్వాస్ చట్టం ఎత్తేసింది. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం వాటిని మళ్లీ తేలేదు. ఇక మిగిలింది, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 314వ సెక్షన్. పరుల సొత్తును దురుద్దేశంతో కాజేస్తే ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు. కాజేసే బుద్ధి లేక, వట్టి బద్ధకంతో సొరుగులో పడేసే మాలాంటి వాళ్ల జోలికి అది రాదు.

మమ్మల్ని జైల్లో పెట్టమని ఈ ఉత్తరం రాయడం లేదు. చిన్న తప్పులకు జైలు వద్దనుకోవడం సబబే. అయితే పరాయి ఉత్తరం నీది కాదు, తిరిగి ఇచ్చెయ్ అనే మాట తపాలా చట్టంలోనే ఉండేది. శిక్షతో పాటు ఆ మాటా పోయింది. పొరపాటున వచ్చిన కవరును తెరవకుండా ఎన్ని రోజుల్లో, ఎవరికి ఇవ్వాలో తపాలా శాఖ నిబంధనగా పెట్టి, ప్రతి అపార్ట్‌మెంటు గేటు దగ్గరా తెలుగులో అంటించాలి.

చిరునామా తేలిగ్గా దొరికేందుకు ఆ శాఖ డిజిపిన్ అనే డిజిటల్ చిరునామా కూడా తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా కోసి, ఒక్కోదానికి పది అక్షరాల సంకేతం ఇచ్చారు. పల్లెల్లో, కొత్త కాలనీల్లో బాగా పనికొస్తుంది. మా 203, 303 మాత్రం ఒకే చదరంలో ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నాయి!

మా దగ్గర ఎవరివో తెలియని కవర్లను కరెంటు మీటర్ల పెట్టె మీద పెడతారు. బ్యాంకువి, బీమావి, ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసిన అద్దెవాళ్లవి అక్కడే జల్లుకు తడుస్తుంటాయి. ఎవరు తీసుకుపోయినా అడిగేవారు లేరు. పండుగ అయ్యాక అన్నీ ఏరి ఒక అట్టపెట్టెలో వేయించాను. "ఇవి ఎన్నాళ్లుంచాలి సార్?" అని వాచ్‌మన్ రోజూ అడుగుతున్నాడు.

ఇట్లు,
203 ఫ్లాటు వాసి,
హైదరాబాద్