టీబీ మందులకు ముందు ముక్క పరీక్ష చేయించాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా చెల్లెలు గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పొడిదగ్గు పట్టుకుంటే ఘాటు వల్లేలే అనుకున్నాం. రెండు నెలలకీ తగ్గకపోతే ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. రెండు ఊపిరితిత్తుల మొదళ్లలోనూ గ్రంథులు ఉబ్బాయన్నారు. కళ్లె పరీక్షలో క్రిములు కనపడలేదు. అయినా టీబీయేనని ఆరు నెలల కోర్సు రాసేశారు. మూత్రం ఎర్రగా వచ్చేది, అన్నం సయించేది కాదు. కంచం, గ్లాసు తనే విడిగా పెట్టుకుంది. మూడేళ్ల కొడుకు ఒళ్లోకి వస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి జరిగిపోయేది.

కోర్సు అయిపోయినా ఆయాసం తగ్గలేదు సరికదా, కళ్లు ఎర్రబడి చూపు మసకేసింది. విజయవాడ తీసుకెళ్తే అక్కడి ఊపిరితిత్తుల డాక్టరు, చివర స్కానింగ్ ఉండే సన్నని గొట్టం నోట్లోంచి పంపి, ఆ గ్రంథుల్లోంచి సూదితో ముక్క తీయించారు. సార్కాయిడోసిస్ అని తేలింది. అది అంటుకునే జబ్బే కాదు! ఆ మాట విన్నాక చెల్లెలు కారిడార్లోనే కూర్చుని ఏడ్చింది.

మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి డాక్టర్లు ముందు దాన్నే అనుమానించడంలో తప్పులేదు. రెండు జబ్బుల్లోనూ కణాలు చిన్న ముద్దలు కడతాయి. టీబీలో ఆ ముద్దల నడిమి భాగం చచ్చి జున్నులా మారుతుంది, సార్కాయిడోసిస్‌లో సాధారణంగా అలా మారదు. ఆ తేడా ఎక్స్‌రేలో తెలియదు, ముక్కని మైక్రోస్కోపు కింద పెడితేనే తెలుస్తుంది. అదే ముక్కకి సీబీనాట్ అనే జన్యు పరీక్ష చేస్తే టీబీ క్రిమి ఉందేమో కూడా చూడొచ్చు. ఇటు పొరపాటైనా ప్రమాదమే: టీబీ ఉన్నవాళ్లకి సార్కాయిడోసిస్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ముదురుతుంది.

చాలామందికి సార్కాయిడోసిస్ మందుల్లేకుండానే తగ్గుతుందట. మా చెల్లెలికి కళ్లదాకా వచ్చింది కాబట్టి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. షుగరు చూస్తున్నారు, గుండెకి ఈసీజీ తీశారు. నీరసమని సొంతంగా కాల్షియం, విటమిన్ డి బిళ్లలు వేసుకోవద్దని గట్టిగా చెప్పారు, ఈ జబ్బులో రక్తంలో కాల్షియం పెరిగిపోవచ్చట.

ఆ పరీక్షకి గాజులు తాకట్టు పెట్టాం. కూలి చేసుకునేవాళ్లందరికీ గాజులుండవు. కళ్లెలో క్రిమి లేకుండా గ్రంథులు ఉబ్బినవాళ్లకి కోర్సు రాసేముందే గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ ముక్క పరీక్ష ఉచితంగా జరిగేలా చూడాలని, రెండు నెలల మందులకీ గుణం కనపడనివాళ్లని తప్పనిసరిగా మళ్లీ పరీక్షించాలని వైద్యారోగ్య శాఖ అధికారులను వేడుకుంటున్నాను.

— ఒక పాఠకుడు, గుంటూరు