లండన్ పేజీలో ఆ పాత చర్చి ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం మీ లండన్ టూర్ పేజీ చదివాను, బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి అన్నీ వేశారు గానీ స్మిత్‌ఫీల్డ్‌లో ఉన్న సెయింట్ బార్తలోమ్యూ ది గ్రేట్ చర్చి ఊసే లేదు, చాలా బాధనిపించింది. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. రాజు హెన్రీ 1 కొలువులో ఉండే రాహీర్ అనే ఆయన రోమ్ యాత్రలో జబ్బుపడి, బతికితే పేదలకి ఆస్పత్రి కట్టిస్తానని మొక్కుకున్నాడట, 1123లో ఆస్పత్రి, చర్చి రెండూ మొదలెట్టాడు, ఆ ఆస్పత్రి ఇప్పటికీ పక్కనే నడుస్తోంది!

1539లో రాజు హెన్రీ 8 ఈ చర్చికి చెందిన మఠాన్ని మూయించాక చర్చి ముందు భాగం మొత్తం కూలగొట్టేశారు. మిగిలిన దాంట్లో ఒక మూల కమ్మరి కొలిమి పెట్టారు, లేడీ చాపెల్‌లో, అంటే మేరీమాత పేరిట ఉన్న ప్రార్థన మందిరంలో, ప్రింటింగ్ ప్రెస్ నడిచింది, 1725లో పంతొమ్మిదేళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ అక్కడే పనిచేశాడు. పేపర్ నడిపే మీరే ఈ సంగతి వదిలేస్తే ఎలాగండీ?

1666లో లండన్‌ని కాల్చేసిన పెద్ద అగ్నిప్రమాదం ఈ చర్చి దాకా రాలేదు, రెండో ప్రపంచయుద్ధం బాంబులకీ నిలబడింది. లోపల లావుపాటి గుండ్రటి స్తంభాలు, మసకవెలుతురు, చెయ్యి ఆనిస్తే రాయి చల్లగా తగిలింది, చాలాసేపు అక్కడినుంచి కదల్లేకపోయాను. 1697లో చిత్రకారుడు హోగార్త్‌కి బాప్టిజం ఇచ్చిన రాతి తొట్టి కూడా అక్కడే ఉంది.

దయచేసి దీని మీద ఒక పేజీ వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, విజయవాడ