శీనూ, మన బండి షాకర్ బతికే ఉందిరా!

కూర్మన్నపాలెం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

ముందు క్షమించు. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, మస్కట్ ఎండల గురించి నువ్వు అంత రాస్తే నేను ఒక్క ముక్క జవాబివ్వలేదు. కోప్పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళు ఫర్వాలేదు. మీ చెల్లెలు మళ్ళీ ట్యూషన్లు మొదలుపెట్టింది. చిన్నికి ముందు పళ్ళు ఊడాయి, నవ్వితే చూడాలి. ఈ వారం నాకు బి షిఫ్ట్, బస్సు వచ్చేలోపు రాసెయ్యాలి. ఇంటి కబుర్లు ఇంతే, ఎందుకంటే నీకు అసలు చెప్పాల్సింది ఇంకొకటుంది. అది చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

మన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండి వెనక సస్పెన్షన్ విప్పాను. ఇంట్లోనే, మన పోర్టికోలోనే. చక్రానికీ షాకర్‌కీ మధ్య ఉండే లింకేజ్ మొత్తం.

గుర్తుందా, లంబసింగి నుంచి వెళ్తూ చింతపల్లి దగ్గర బండి దిగి "నా నడుం అక్కడే పైన వదిలేసి వచ్చాన్రా" అన్నావు. అప్పట్నుంచి మన భాషలో గతుకుల రోడ్డంటే "చింతపల్లి మసాజ్" అయిపోయింది. నువ్వు రోడ్డుని తిట్టావు, నేను లగేజీని అనుకున్నాను, మా నాన్న మన వయసుని అన్నారు. ఎవరూ బండి కింద చూడలేదు, చూసినా కనపడేది కాదు. ఒక్క రోజులో వచ్చిన జబ్బయితే పట్టుకునేవాళ్ళం. ఇది నెలల తరబడి కొద్దికొద్దిగా బిగుసుకుంటూ వచ్చింది, మనమూ దానికి అలవాటు పడుతూ వచ్చాం.

ఈ మధ్య మరీ ఎక్కువైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే సీటు కిందనుంచి ఎవరో గుద్దినట్టు దెబ్బ. ఎక్కి కూర్చుంటే కిర్రుమనేది. ప్రీలోడ్, అంటే షాకర్ స్ప్రింగ్‌కి ముందే పెట్టే బిగువు, తగ్గించి చూశా, ఏ మార్పూ లేదు. ఊళ్ళో ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే బండిని రెండుసార్లు కిందికి నొక్కి చూసి, "షాకర్ పోయింది సార్, కొత్తది వేసుకోండి" అనేశాడు. రేటు వినేసరికి గుండె ఆగినంత పనైంది. డబ్బు సంగతి అలా ఉంచు, ఆ మాట ఎందుకో మనసుకి ఎక్కలేదు. షాకర్ పోతే ఆయిల్ కారాలి, లేదా గతుకు దాటాక బండి పడవలా ఊగుతూ ఉండాలి. మనది ఊగడం లేదు, అసలు కదలడమే లేదు! ఆ తేడా ఆలోచిస్తుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీకు తెలిసిందే అయినా చెప్పనీ, చెప్పడమే నాకు సరదా. మన బండికి వెనక చక్రం 180 మిల్లీమీటర్లు పైకీ కిందకీ ఆడుతుంది. షాకర్ రాడ్ మాత్రం అందులో సగం కూడా కదలదు. ఆ తేడాని సర్దేది మధ్యలో ఉన్న లింకేజే, అంటే రాకర్ అనే ఊగే ఇనుప ముక్కా, డాగ్ బోన్ అనే రెండు పట్టీలూ. చక్రం పైకి పోయేకొద్దీ షాకర్‌ని ఇంకా ఇంకా గట్టిగా నొక్కేలా వాటి కోణాలు మారతాయి. అందుకే చిన్న గతుకుకి మెత్తగా, పెద్ద గోతికి గట్టిగా ఉంటుంది. 1980ల మొదట్లో మోటోక్రాస్ బండ్ల మీద కవాసాకి వాళ్ళు యూని-ట్రాక్ అనీ, హోండా వాళ్ళు ప్రో-లింక్ అనీ, సుజుకి వాళ్ళు ఫుల్ ఫ్లోటర్ అనీ పేర్లు పెట్టి తెచ్చింది ఇదే. ఎంత గొప్ప ఊహరా అది! కానీ అదంతా నిలబడేది నీడిల్ బేరింగుల మీద, అంటే గుండ్లకి బదులు సన్నటి ఉక్కు సూదులుండే బేరింగుల మీద. అవి ఎక్కడున్నాయో చూడు. ఇంజిన్ వెనక, చక్రానికి ముందు, బండి మొత్తంలో అట్టడుగున. టైరు చిమ్మే ప్రతి నీటి చుక్కా అక్కడికే పోతుంది. మనమేమో అప్పికొండ ఇసుక, మారేడుమిల్లి బురద, ఆ తర్వాత వాటర్ సర్వీసింగ్‌లో ప్రెజర్ గన్ దెబ్బ! మామూలు సర్వీసులో ఎవరూ ఆ బోల్టుల జోలికి పోరు. చెయిన్‌కి లూబ్ కొడతారు, ఆయిల్ మారుస్తారు, పంపించేస్తారు.

సరే, విప్పడం. సెంటర్ స్టాండ్ వేసి, వెనక క్యారియర్‌కి తాడు కట్టి పోర్టికో దూలానికి బిగించా, బండి ఏ పక్కకీ ఒరగకుండా. ముందు బ్రేక్ లివర్‌కి రబ్బరు బిగించేశా. చక్రం కింద చెక్క ముక్కలు పేర్చి బోల్టుల మీద బరువు లేకుండా చేశా. ఇది చాలా ముఖ్యంరా, బరువు మీద ఉన్న బోల్టుని కొడితే రాదు, వచ్చినా మరలు పాడవుతాయి. ముందు రోజు రాత్రే అన్ని నట్ల మీదా తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాను.

ముందు షాకర్ కింది బోల్టు తీశా. చక్రాన్ని చేత్తో ఎత్తి చూశా. స్ప్రింగ్ అడ్డం లేదు కదా, చక్రం బరువొక్కటే తెలియాలి. రెండు చేతులతో లాగినా కిర్, కిర్ అంటూ బలవంతంగా లేస్తోంది! అప్పుడు డాగ్ బోన్ల బోల్టు తీశాను. మళ్ళీ ఎత్తా. చక్రాన్ని పట్టుకునే చెయ్యి, అదే స్వింగార్మ్, హాయిగా, చప్పుడు లేకుండా పైకీ కిందకీ తిరిగింది. ఒరేయ్, ఆ క్షణంలో నువ్వు పక్కనుండాల్సింది. "దొరికిందే!" అని అరిచాను. మీ చెల్లెలు వంటింట్లోంచి గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. షాకర్ మంచిదే! ఎక్కడా ఆయిల్ చెమ్మ లేదు, రాడ్ మీద ఒక్క గీత లేదు.  ఆ ప్రాణం లేని ఇనుముని దగ్గరికి తీసుకోవాలనిపించింది.

దోషి రాకర్. దాని మధ్య బోల్టు సుత్తికి కూడా లొంగలేదు. నట్టుని బోల్టు అంచు దాకా తిప్పి పెట్టి, ఇత్తడి కడ్డీ ఆనించి, కొంచెం కొంచెంగా కొడుతూ పోయా. వచ్చాక చూస్తే ఏముంది, బోల్టు నడుం మీద గోరు ఆనేంత లోతు గాడి! అది ఎందుకు పడిందో చెప్తా విను. లోపల ఉక్కు బుష్, అంటే బోల్టు దూరే చిన్న గొట్టం, బోల్టుతో పాటు ఫ్రేముకి బిగుసుకుని కదలకుండా ఉండాలి, దాని చుట్టూ సూదుల మీద రాకర్ ఊగాలి. సూదులు తుప్పుతో పట్టేసేసరికి రాకర్‌తో పాటు బుష్ కూడా బోల్టు మీద తిరగడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళుగా అలా అరుగుతోందో పాపం.

బుష్ లాగితే గ్రీజు లేదు. దాని చోట ఎర్రటి పొడీ, ఎండిపోయిన బెల్లం పాకం లాంటి ఉండలూ. కొన్ని సూదులు గూట్లోనే అతుక్కుపోయాయి, కొన్ని జారి పోర్టికో అంతా దొర్లాయి. చిన్ని స్పీకర్ అయస్కాంతం పట్టుకుని అన్నీ ఏరింది. ఒక్కోటి సగం అగ్గిపుల్లంత కూడా లేదు, కానీ మనిద్దరినీ, టెంటునీ, నీ ఇత్తడి కాఫీ ఫిల్టర్‌నీ ఎత్తుకుని ఘాట్లన్నీ తిరిగింది ఇవేరా! (ఆ ఫిల్టర్ ఇంకా నా దగ్గరే ఉంది, ఇవ్వను.)

డీజిల్లో కడిగి బల్బు కింద పెట్టి చూస్తే ఒక్కో సూది మీదా ఒకే పక్క గుంటలు. బేరింగ్ గుండ్రంగా తిరిగేదైతే గ్రీజు అంతటా పాకుతుంది. ఇది కొద్ది డిగ్రీలు మాత్రమే అటూ ఇటూ ఊగుతుంది, సూది ఎప్పుడూ ఆ ఒక్క చోటే బరువు మోస్తుంది. అక్కడి గ్రీజు పక్కకి పోయి మళ్ళీ రాదు, ఆ ఖాళీలో నీళ్ళు చేరతాయి. అందుకే ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క ఒక్కటే పెట్టుకోకూడదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఏటా వానాకాలం వెళ్ళగానే ఒకసారి విప్పాలి. ఏడు తిరిగేసరికి ఒక పూట పని, ఆ మాత్రం చెయ్యలేమా మన బండికి?

కొత్త బేరింగుల కోసం ఆటోనగర్ వెళ్ళా. వెర్నియర్‌తో లోపలి కొలత, బయటి కొలత, వెడల్పు చెప్తే షాపాయన వెంటనే ఒకటి తీశాడు. చూస్తే కేజ్ ఉన్న రకం, అంటే సూదుల మధ్య ఖాళీలుంటాయి. వద్దన్నాను. మనకి కావాల్సింది సూది పక్కన సూది ఆనుకుని నిండుగా ఉండే రకం. ఇక్కడ వేగం లేదు, బరువే. ఎన్ని సూదులుంటే అంత బరువు పంచుకుంటాయి. ఆయన పెట్టెలన్నీ వెతికి, చివరికి పక్క షాపు నుంచి తెప్పించాడు. టీ కూడా పోశాడు. బుష్షులు, సీళ్ళు, బోల్టూ కొత్తవే వేశా.

గ్రీజు కోసం ఫిషింగ్ హార్బర్ దాకా పోయా! మామూలు గ్రీజు సరిపోతుందని అందరూ అన్నారు, నా మనసొప్పలేదు. ఉప్పు నీళ్ళలో ఏళ్ళ తరబడి నానే బోట్ల వించీలకి పూసే మెరైన్ గ్రీజు ఉంటుంది, నీళ్ళు కొట్టినా వదలదు. మన బండి కూడా సముద్రం పక్కనే బతుకుతోంది కదా. పాత గ్రీజు మీద కొత్త రకం పూయకూడదు, రెండూ పడకపోతే పలచబడి కారిపోతాయి. అందుకని గూళ్ళన్నీ మచ్చ లేకుండా తుడిచా.

పాత బేరింగ్ దింపడం ఇంకో పెద్ద కథ. కొట్టలేదు, కొడితే రాకర్ గూడు దెబ్బతింటుంది. పొడవాటి మరల రాడ్డు, ఒక పక్క బేరింగ్ కంటే కాస్త చిన్న సాకెట్, రెండో పక్క పెద్ద సాకెట్, రెండు చివర్లా నట్లు. పక్కింటాయన హీట్ గన్‌తో రాకర్‌ని వేడి చేసి నట్టు బిగిస్తూ పోతే, చాలాసేపు ఏమీ లేదు, చేతులు లాగేస్తున్నాయి, టెన్షన్, రాకర్ పగులుతుందేమో అని... "టక్"! కదిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. దింపేముందే అది గూట్లో ఎంత లోతున ఉందో కొలిచి గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నా, సీలు కూర్చోవడానికి చోటు ఉండాలి కదా. కొత్తవి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. "చేపల పక్కన ఇవేంటి" అని మీ చెల్లెలు ఒకటే నవ్వు. ఇనుము చల్లబడి కొంచెం కుంచించుకుంటుంది, వేడెక్కిన గూట్లోకి తేలిగ్గా దిగుతుంది. నంబరు చెక్కి ఉన్న అంచు బయటికి పెట్టి అటునుంచే నొక్కాలి, గట్టి అంచు అదే.

సూదుల మధ్య వేలితో గ్రీజు కూరుతుంటే అమ్మ వచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నాన్న బజాజ్ స్కూటర్ ఇక్కడే విప్పేవారు అంది. ఇంకేమీ అనలేదు. నేనూ... సరే, అది ఇంకో ఉత్తరంలో రాస్తా.

బిగింపు అంతా మాన్యువల్లో ఉన్న లెక్కకి టార్క్ రెంచ్‌తోనే. షాకర్ పై బోల్టు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే ఫైనల్ చేశా. అక్కడ రబ్బరు బుష్ ఉంటే, గాల్లో ఉండగా బిగిస్తే అది ఎప్పుడూ మెలితిరిగి ఉండి తొందరగా చిరుగుతుంది. తర్వాత టేపు పెట్టి చూస్తే, నేను కూర్చోగానే వెనక భాగం 50, 55 మిల్లీమీటర్లు దిగుతోంది. ఉన్న 180లో దాదాపు మూడో వంతు. ముందు ఇందులో సగం కూడా దిగేది కాదు!

ఇక రైడ్. అప్పికొండ రోడ్డు మీదికి తీసుకెళ్ళా. మొదటి స్పీడ్ బ్రేకర్ ముందు అలవాటు కొద్దీ ఫుట్‌రెస్టుల మీద లేచాను. రెండోదానికి కూర్చునే పోనిచ్చాను. ఒరేయ్ శీనూ, వెనక చక్రం కింద అది ఎక్కిందీ దిగిందీ తెలిసింది, నడుముకి మాత్రం ఏమీ రాలేదు! గుడి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, అదే స్పీడ్ బ్రేకర్ కోసం మళ్ళీ వెళ్ళాను. టీ బడ్డీ దగ్గర కుర్రాళ్ళు ఏం వెతుకుతున్నావన్నా అని అడిగారు. మీ చెల్లెల్ని వెనకాల కూర్చోబెట్టుకుని సాయంత్రం మళ్ళీ వెళ్ళొచ్చాం. దిగి ఒకటే మాట, "ఇన్నాళ్ళూ నన్ను దేనిమీద తిప్పారండీ!"

ఇప్పుడు అసలు పని. నీ బండి అనకాపల్లిలో కవరు కింద ఉంది కదా. అదీ మన బండితో పాటు అవే నీళ్ళు తాగింది, పైగా ఇన్నాళ్ళుగా కదలకుండా ఒకే చోట నిలబడి ఉంది. సూదులు ఒకే చోట ఆని ఉంటే తుప్పు ఇంకా తేలిగ్గా పడుతుంది. మీ నాన్నగారికి ఫోన్ చేసి తాళం నాకిమ్మను. సాకెట్లూ మరల రాడ్డూ సిద్ధంగా ఉన్నాయి, గ్రీజు డబ్బా సగం మిగిలింది. నువ్వు సంక్రాంతికి వచ్చేసరికి రెండు బండ్లూ... అదిగో బస్సు హారన్. ఇంకా డాగ్ బోన్ సీళ్ళ సంగతి చెప్పనే లేదు, అవి ఏ వైపు తిప్పి వెయ్యాలో నీ బండి దగ్గర ఒక్కసారి చూసి

పరిగెత్తాలి. ఫోన్ మాత్రం ఇవాళే చెయ్యి.

నీ
రమణ