మంచులో ఎలక్ట్రిక్ సైకిల్: ఔలు నుంచి ఒక ఉత్తరం

ఔలు, ఫిన్లాండ్
ఫిబ్రవరి 11

ప్రియమైన శ్రీనివాస్‌కి,

నీ ఉత్తరం అందింది. అమ్మగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని తెలిసి మనసు కుదుటపడింది. ఆగస్టులో నువ్వు ఇక్కడ ఉద్యోగంలో చేరబోతున్నావన్న వార్త చదివాక ఆ సంతోషాన్ని ఎవరితో పంచుకోవాలో తోచక, పక్కింటి ఫిన్నిష్ పెద్దాయనతో కూడా చెప్పేశాను. కారు కొనకుండా ఎలక్ట్రిక్ సైకిల్‌తో సంవత్సరమంతా గడపవచ్చా, లేక మంచు మొదలవగానే దాన్ని మూల పెట్టెయ్యాలా అని అడిగావు. మూల పెట్టవలసిన అవసరం లేదు. అయితే ఇక్కడి చలికాలంలో బండిని పాడు చేసేది మనం భయపడే గడ్డకట్టే చలి కాదు, తడి. ఆ సంగతి ముందే తెలుసుకుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు ఊరి గురించి చెప్పాలి. ఔలు 65వ అక్షాంశం దగ్గర, బోత్నియా సింధుశాఖ ఒడ్డున ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నేల మీద మంచు ఉండడం మామూలే. జనవరిలో మైనస్ 10 సాధారణం, మైనస్ 25 అప్పుడప్పుడూ పలకరించే అతిథి. అయినా ఇక్కడి జనం సైకిల్ దిగరు. ఊరంతా 900 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారులున్నాయి. పెద్ద రోడ్లను దాటనవసరం లేకుండా వాటి కింద నుంచి వెళ్ళే సొరంగ మార్గాలు 300కు పైనే ఉన్నాయి. చలికాలపు సైకిల్ ప్రయాణం మీద జరిగే అంతర్జాతీయ సమావేశం మొట్టమొదట 2013లో ఈ ఊళ్ళోనే జరిగింది. మెత్సోకంగాస్ అనే పేటలో ఒక బడి ఉంది. నడి చలికాలంలో ఆ బడి ముందు మంచు కప్పుకుని బారులు తీరిన వందల సైకిళ్ళను చూస్తే, ఏడెనిమిదేళ్ళ పిల్లలు చేస్తున్న పని మనం చేయలేమా అన్న ధైర్యం తప్పకుండా వస్తుంది.

ఇక్కడి సైకిల్ దారుల మీద సాధారణంగా ఉప్పు చల్లరు. మంచును పూర్తిగా ఎత్తివేయకుండా అణచి గట్టిపరుస్తారు. ఆ తరువాత పళ్ళున్న బ్లేడు కట్టిన ట్రాక్టరుతో పైపైన గీరి, చక్రానికి పట్టు దొరికేలా గరుకు చేస్తారు. అవసరమైన చోట సన్నటి కంకర చల్లుతారు. మైనస్ 15 దగ్గర ఆ దారి గార చేసిన గచ్చులా గట్టిగా, పొడిగా ఉంటుంది. దాని మీద వెళ్ళడంలో ఉన్న హాయి మాటల్లో చెప్పలేను. కష్టమంతా సున్నాకు అటూ ఇటూ ఊగిసలాడే రోజుల్లోనే ఉంది. మధ్యాహ్నం ప్లస్ 1 అయి పై పొర కరుగుతుంది, రాత్రి మైనస్ 4 అయి అదే నీరు గాజుపలకగా బిగుసుకుంటుంది, మర్నాడు మళ్ళీ దాని మీద నీటి పొర నిలుస్తుంది. ఉష్ణోగ్రత చూసి, మైనస్ 20 ఉంటే భయపడకు. సున్నా ఉంటే మాత్రం పది నిమిషాలు ముందే బయలుదేరి నెమ్మదిగా వెళ్ళు.

ఆ గాజుపలక మీద మనల్ని నిలబెట్టేవి మేకుల టైర్లు. రబ్బరులో పొదిగిన చిన్న చిన్న మేకులు అవి. వాటి మొన టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసినది కాబట్టి తారురోడ్డు మీద కూడా తొందరగా అరగదు. ఈ దేశంలోనే రూపుదిద్దుకున్న హక్కపెలిట్ట అనే రకంలో 106 మేకులున్నవీ, 240 మేకులున్నవీ దొరుకుతాయి. మొదటి రకంలో మేకులు తక్కువ కాబట్టి బండి తేలిగ్గా సాగుతుంది, రెండో రకం మలుపుల్లో కూడా పట్టు వదలదు. ఎలక్ట్రిక్ సైకిల్ బరువైనది, తొక్కడానికి మోటారు సాయం ఎలాగూ ఉంటుంది, అందుచేత నీకు 240 మేకుల టైర్లే మంచివని నా గట్టి అభిప్రాయం. ఒక్క చక్రానికే వేసుకునేంత డబ్బు చేతిలో ఉంటే ముందు చక్రానికి వేయించు. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందు చక్రం జారితే నేల మీద పడడమే. కొత్త టైర్లు వేసిన తరువాత మొదటి 40, 50 కిలోమీటర్లు మంచు లేని తారు మీద, ఒక్కసారిగా వేగం పెంచకుండా, గట్టి బ్రేకు వేయకుండా నడపాలి. అప్పుడే మేకులు తమ గుంటల్లో కుదురుకుంటాయి, లేకపోతే ఒక్కొక్కటే ఊడిపోతాయి.

గాలి విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. వెచ్చని గదిలో 45 పీఎస్‌ఐ కొట్టిన టైరు మైనస్ 15లోకి వెళ్ళేసరికి, ఎక్కడా చిల్లు లేకుండానే, 38 దగ్గరకు దిగిపోతుంది. గాలి చల్లబడి ఒత్తిడి తగ్గడమే కారణం. పంచరు అయిందేమోనని కంగారు పడనవసరం లేదు. మెత్తటి కొత్త మంచులో ఆ తగ్గుదల పట్టు పెంచి మేలే చేస్తుంది.

ఇక బ్యాటరీ. నీ హైదరాబాద్ స్కూటర్‌తో మే నెల ఎండల్లో నువ్వు పడిన బాధ నాకు గుర్తుంది. రెంటచింతల ఎండల్లో పెరిగిన మనకు వేడి బ్యాటరీని ముసలిదాన్ని చేస్తుందని వేరే చెప్పక్కర్లేదు. చలి పద్ధతి వేరు. చలిలో బ్యాటరీ లోపలి ద్రవం చిక్కబడుతుంది, కరెంటును మోసే లిథియం అయాన్ల కదలిక మందగిస్తుంది, లోపలి నిరోధకత పెరుగుతుంది. అందుచేత ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా పడిపోయి, తెర మీద నిన్నమొన్నటిదాకా రెండు గీతలు చూపించిన చోట ఒక్క గీతే కనిపిస్తుంది. ఇది శాశ్వతమైన నష్టం కాదు, బ్యాటరీ వెచ్చబడగానే శక్తి తిరిగి వస్తుంది. నా 500 వాట్-అవర్ బ్యాటరీతో వేసవిలో 80 కిలోమీటర్ల దాకా తిరగగలిగితే, మైనస్ 15లో 50 దగ్గరే జాగ్రత్త పడతాను. ఆ తగ్గుదల అంతా బ్యాటరీదే అనుకోకు. మేకుల టైర్ల రాపిడి, మెత్తటి మంచు, మీద వేసుకున్న బట్టల బరువు కూడా అందులో ఉన్నాయి. మైనస్ 15 గాలి 20 డిగ్రీల గాలి కంటే దాదాపు 14 శాతం చిక్కనైనది. దాన్ని చీల్చుకుని వెళ్ళడానికి కూడా శక్తి కావాలి కదా!

శాశ్వతమైన నష్టం జరిగేది చార్జింగ్ దగ్గర. చల్లబడిన బ్యాటరీని, అంటే సున్నా కంటే కింద ఉన్నదాన్ని, ఎప్పుడూ చార్జింగ్‌కు పెట్టకు. మామూలుగా చార్జ్ అవుతున్నప్పుడు లిథియం వెళ్ళి బ్యాటరీ లోపలి గ్రాఫైట్ పొరల మధ్య ఇముడుతుంది. చలిలో అంత వేగంగా లోపలికి వెళ్ళలేక లోహంగా మారి గ్రాఫైట్ పైనే పేరుకుంటుంది. అలా పేరుకున్నదాంట్లో చాలా భాగం మళ్ళీ పనికి రాదు, బ్యాటరీ సామర్థ్యం ఆ మేరకు తగ్గుతుంది. అది ఎక్కువైతే లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. మంచి బ్యాటరీలలో ఉండే నియంత్రణ పరికరం చలిలో చార్జింగ్‌ను తానే ఆపేస్తుంది. చవక రకాలలో అది ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని ఇంటికి రాగానే బ్యాటరీ తీసి లోపలికి తెచ్చుకో, రెండు మూడు గంటలు గది వేడికి వదిలెయ్యి, ఆ తరువాతే చార్జర్ తగిలించు. అది కూడా నువ్వు మెలకువగా ఉన్న వేళల్లోనే.

ఆ రెండు మూడు గంటల్లో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడు. చలిలోంచి తెచ్చిన బ్యాటరీ నల్లటి పెట్టె మీద ముందు తెల్లటి పొగమంచు పొర పడుతుంది. పావుగంటలో అది సన్నటి నీటి చుక్కలుగా మారుతుంది. కరెంటు అందుకునే ఇత్తడి రంగు పిన్నుల మధ్య కూడా ఒకటి రెండు చుక్కలు నిలుస్తాయి. ఆ చుక్కలు ఉండగా చార్జర్ పెట్టకూడదు, అవి ఆరక ముందే బండికి బిగించి బయటికి తీసుకువెళ్ళకూడదు. పొడిగుడ్డతో తుడిచి, పిన్నులు పైకి ఉండేలా నిలబెట్టి ఆరనివ్వాలి. పొద్దున వెళ్ళేటప్పుడు బ్యాటరీని వెచ్చగానే తీసుకువెళ్ళి ఆఖరి నిమిషంలో బిగించు. మోటారు నడుస్తున్నంతసేపూ బ్యాటరీ తన వేడిని కొంత తానే నిలుపుకుంటుంది. రబ్బరు స్పాంజి లాంటి నియోప్రీన్ తొడుగు వేస్తే ఇంకా మంచిది.

బ్యాటరీ లోపల ఉండాలి సరే, మరి సైకిల్ ఎక్కడ ఉండాలి? ఇంట్లో వెచ్చగా పెడితేనే దాని మీద ప్రేమ ఉన్నట్టు అని అందరికీ అనిపిస్తుంది. కానీ రోజూ వెచ్చటి చోట పెట్టడం వల్లనే బండి పాడవుతుంది. మడ్‌గార్డు కింద, గేర్ల సందుల్లో చిక్కుకున్న మంచు లోపల కరిగి నీరై, బ్రేకు, గేరు తీగల గొట్టాల్లోకి ఇంకుతుంది. మర్నాడు బయట అడుగు పెట్టగానే అదే నీరు తీగను బిగబట్టేస్తుంది. అందుచేత సైకిల్‌ను చలికాలమంతా వేడి లేని షెడ్డులోనే ఉంచు. చాలా అపార్ట్‌మెంట్లలో సైకిళ్ళ గది ఉంటుంది, అందులో వేడి చేయనిదే ఎంచుకో. వారానికోసారి మాత్రం లోపలికి తెచ్చి, మంచంతా కరిగి, నీరు కారి, చివరి చుక్క దాకా ఆరేంత సమయం ఇచ్చి, అప్పుడు చైను పని చూసుకోవాలి.

చైను పని అంటే పెద్దగా ఏమీ లేదు. గోరువెచ్చని నీటిలో ముంచిన స్పాంజితో కంకర పొడీ, బురదా తుడిచి, గుడ్డతో ఆరేదాకా రుద్ది, తడి వాతావరణానికి తగిన చిక్కటి నూనె ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క వేసి, పైన మిగిలినదాన్ని తుడిచెయ్యడమే. పెట్రోలు బంకుల దగ్గరుండే ఒత్తిడి నీటి గొట్టంతో మాత్రం ఎప్పుడూ కడగకు. ఆ ఒత్తిడికి నీరు బేరింగుల సీళ్ళను దాటి లోపలికీ, మోటారులోకీ వెళ్ళిపోతుంది.

ఒక విచిత్రమైన జబ్బు గురించి నీకు ముందే చెప్పి ఉంచుతాను. మైనస్ 20 ప్రాంతంలో ఒక్కోసారి పెడలు తొక్కుతుంటే చైను తిరుగుతుంది కానీ చక్రం కదలదు, మోటారు కూడా గుయ్యిమంటుంది కానీ బండి ముందుకు పోదు. వెనక చక్రం ఫ్రీవీల్ లోపల కటకటమని చప్పుడు చేసే చిన్న కొక్కేలు, గట్టిపడిన గ్రీజులోనో గడ్డకట్టిన తేమలోనో ఇరుక్కుని పైకి లేవకపోవడం దానికి కారణం. వెచ్చని చోట అరగంట ఉంచితే మళ్ళీ పట్టుకుంటుంది. శాశ్వత పరిష్కారం కావాలంటే అక్టోబరులోనే దుకాణంలో ఇచ్చి, లోపలి గ్రీజు తీయించి చలికి చిక్కబడని పల్చటి నూనె వేయించుకోవాలి. తాళం కూడా అంతే. తాళానికి వేసే నూనె చిన్న సీసాల్లో దొరుకుతుంది. దాన్ని సైకిల్ సంచీలో కాక నీ జేబులో ఉంచుకో.

నడపడం గురించి ఒక్క ముఖ్యమైన మాట. మోటారు సాయాన్ని అతి తక్కువ స్థాయిలో పెట్టుకో. మలుపుకు ముందే తొక్కడం ఆపు, మలుపులో బ్రేకు వేయకు. కొన్ని బండ్లలో మనం తొక్కడం ఆపిన తరువాత కూడా మోటారు ఒక క్షణం నెడుతూనే ఉంటుంది. నున్నటి మంచు మీద వెనక చక్రం పక్కకు తన్నుకుపోవడానికి ఆ ఒక్క క్షణం చాలు. కొనేటప్పుడు మన బలాన్ని కొలిచి సాయం చేసే రకాన్ని, పెడళ్ళ దగ్గర మోటారు ఉన్నదాన్ని చూడమని చెప్పేది అందుకే. డిసెంబరు చివర్లో పగలు మూడున్నర గంటలే ఉంటుంది కాబట్టి ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం లేకుండా కదలకూడదు. చీకట్లో అవి ఉండాలని చట్టమే చెబుతోంది.

బట్టల విషయంలో మామూలు సైకిల్ వాళ్ళ సలహాలు యథాతథంగా పాటించకు. వాళ్ళు కష్టపడి తొక్కి చెమటతో వెచ్చబడతారు, మనకు మోటారు సాయం ఉంది కాబట్టి అంత వెచ్చబడం. మైనస్ 15లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళితే ముఖానికి తగిలేది మైనస్ 24 చలి. హ్యాండిల్‌కి తొడిగే పెద్ద తొడుగులు కొనుక్కో. వాటి లోపల పల్చటి గ్లోవ్స్ చాలు, బ్రేకు మీద వేళ్ళ స్పర్శ కూడా పోదు.

కొనే ముందు ఇంకొక్కటి గమనించు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల దాకా, తొక్కితేనే సాయం చేసే బండి అయితేనే ఇక్కడ సైకిల్ కింద లెక్క. వేగపు హద్దు తీసేసి అమ్మే వాటి జోలికి పోకు. వాటికి రిజిస్ట్రేషన్, బీమా అన్నీ కావలసి వస్తాయి.

మేకుల టైర్లు మొదటి మంచు పడిన వారంలో అందరూ ఒక్కసారిగా కొంటారు కాబట్టి నీకు సరిపడేవి సెప్టెంబరులోనే తీసి పెడతాను. సైకిల్ కొలత చూడడానికి నీ ఎత్తు, కాలి పొడవు సెంటీమీటర్లలో రాసి పంపు. మా పేటలో ఒకాయన తన సైకిల్ అమ్మే ఆలోచనలో ఉన్నాడు, వచ్చే శనివారం వెళ్ళి దాని బ్యాటరీ వయసు, ఫ్రేము కొలత కనుక్కుని వస్తాను. చెల్లెమ్మ కూడా తొక్కుతానంటే ఆమె కొలతలు కూడా పంపు.

అమ్మగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ మిత్రుడు
ప్రసాద్