రంగు పొడితో రోగాలు పోవు

సంపాదకులకు,

భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్యల చెరువులకు ఆస్టాజాంతిన్ (ఎరుపు రంగునిచ్చే కెరోటినాయిడ్) పొడిని సర్వరోగ నివారిణిలా అంటగడుతున్నారు. రొయ్య ఇలాంటి రంగు పదార్థాలను (కెరోటినాయిడ్లను) సొంతంగా తయారుచేసుకోలేదు, నిజమే. మేతలో అందితే ఉడికించినప్పుడు ఎర్రగా తేలుతుంది, ఒత్తిడిని కొంత తట్టుకుంటుంది. తెల్లమచ్చల వైరస్‌ను, రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవిని మాత్రం అది ఆపదు.

కిలో మేతకు 50 మిల్లీగ్రాముల ఆస్టాజాంతిన్ చాలు. అంటే అది 10 శాతం ఉన్న పొడైతే 25 కిలోల బస్తాకు 12.5 గ్రాములే! డబ్బా మీద శాతం చూడకుండా గుప్పెళ్లతో కలిపితే డబ్బులు అక్షరాలా నీళ్లపాలు. పొడి కలిపాక చేపనూనె పూత పట్టించకపోతే మేత చెరువులో పడగానే పొడి నీళ్లలోకి కొట్టుకుపోతుంది. ఆరబెట్టడం నీడలోనే, ఎండ తగిలితే ఆస్టాజాంతిన్ పాడైపోతుంది. రంగు కోసమైతే రొయ్యల పట్టుబడికి నాలుగు వారాల ముందు మొదలుపెడితే సరి.

శాతం, తయారీ తేదీ ముద్రించని డబ్బాలను దుకాణాల్లో మత్స్యశాఖ ఉండనివ్వకూడదు.

– ఆక్వా రైతులు, పశ్చిమ గోదావరి జిల్లా